మిద్దె మనది, బిల్లు మనది, నియమం మాత్రం పరభాషది

“ఆ చట్టం నాకు తెలియదు” అనే మాటను ఏ న్యాయస్థానమూ సమర్థనగా అంగీకరించదు. న్యాయశాస్త్రం చదివిన ప్రతివారూ మొదటి ఏడాదిలోనే నేర్చే పాఠమిది. అయితే ఈ సూత్రానికి రెండో ముఖం ఒకటున్నది. ప్రభుత్వాలు దాన్ని సౌకర్యంగా మరచిపోతాయి, మనమూ గుర్తుచేయం. చట్టం తెలిసి ఉండాలని ప్రజలను శాసించే రాజ్యానికి, ఆ చట్టాన్ని ప్రజలకు తెలియజెప్పే బాధ్యత కూడా ఉన్నది.

1951లో హర్లా కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతినే నిర్ద్వంద్వంగా చెప్పింది. 1923లో జైపూరు సంస్థానపు మంత్రిమండలి నల్లమందుపై ఒక చట్టం చేసింది. తీర్మానం రాసుకున్నది, దాచుకున్నది. గెజెట్టులో ప్రకటించలేదు, దండోరా వేయించలేదు. ఆ చట్టం కింద ఒక మనిషికి శిక్ష పడింది. జనానికి తెలిసే మార్గమే లేని శాసనంతో జనాన్ని శిక్షించడం సహజ న్యాయానికి విరుద్ధమని, ప్రకటన లేని ఆ చట్టం చట్టమే కాదని సర్వోన్నత న్యాయస్థానం తీర్పునిచ్చింది.

నేడు మన మీద అమలవుతున్న నియమాలు గెజెట్టులో అచ్చవుతూనే ఉన్నాయి. కాబట్టి హర్లా కేసులో తేలిన లోపం వాటికి లేదని ప్రభుత్వ న్యాయవాది వాదించవచ్చు. సాంకేతికంగా ఆయన మాట చెల్లుతుంది. కానీ చదవలేని భాషలో అచ్చయిన కాగితానికీ, పెట్టెలో దాచిన తీర్మానానికీ ఆచరణలో తేడా ఎంత? వేలూరులో ముప్ఫై గదుల లాడ్జీ కట్టే మనిషికీ, గుడియాత్తంలో జౌళి దుకాణానికి రెండో అంతస్తు లేపే మనిషికీ ఆ తేడా కనిపించదు. అతని చేతికి వచ్చేది నియమం కాదు. నియమం తప్పినప్పుడు వచ్చే నోటీసు, నెల నెలా వచ్చే కరెంటు బిల్లు మాత్రమే.

ఈ నెల నేను ప్రస్తావిస్తున్నది భాషోద్యమ పత్రికలో సాధారణంగా కనిపించని విషయం: వాణిజ్య భవనాలలో విద్యుత్తు పొదుపు నియమాలు. బడి, పాఠ్యపుస్తకం, సరిహద్దు పలకలు – వీటి గురించి మనం రాసినంతగా ఇటువంటి వాటి గురించి రాయం. అదే మన లోపం. భాషాహక్కు బడిగోడల దగ్గర ఆగిపోయేది కాదు. మన మిద్దె మీద, మన మీటరు పెట్టె మీద, మన అనుమతి పత్రం మీద అమలయ్యే ప్రతి నియమంలోనూ అది ఉంటుంది.

నియమం ఏమంటున్నది?

ముందు విషయం తెలుసుకుందాం. 2001లో పార్లమెంటు ఇంధన పరిరక్షణ చట్టం చేసింది. మరుసటి ఏడాది మార్చిలో బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ ఏర్పడింది. మన ఇళ్లలో ఫ్రిజ్జుల మీద, ఏసీల మీద కనిపించే నక్షత్రాల చీటీ ఆ సంస్థదే. 2007 మే నెలలో ఆ చట్టం కింద ఇంధన పరిరక్షణ భవన నియమావళి వెలువడింది. 2017లో దాన్ని తిరగరాశారు. 2022లో చట్టాన్నే సవరించి, 2023 జనవరి 1 నుండి అమలులోకి తెచ్చారు. పాత పేరుకు ‘సుస్థిరత’ అనే మాట చేరింది, పెద్ద నివాస భవనాలు కూడా దాని పరిధిలోకి వచ్చాయి.

ఈ నియమావళి ఏ భవనాలకు? మొదట చట్టంలో 500 కిలోవాట్ల అనుసంధాన భారం అన్నారు. అప్పుడది మహానగరాలలోని గాజు మేడల సంగతి. 2010 సవరణతో ఆ గీతను 100 కిలోవాట్లకు, లేదా 120 కేవీఏ ఒప్పంద గిరాకీకి దించారు. 2022 సవరణతో ఇంకా కిందికి దించే అధికారాన్ని రాష్ట్రాలకు ఇచ్చారు. కొత్తగా కట్టే భవనాలకే కాదు, ఉన్న భవనాన్ని పెంచినా, పెద్ద ఎత్తున మార్చినా ఆ కొత్త పనికి నియమాలు వర్తిస్తాయి.

“100 కిలోవాట్లంటే మనకెక్కడిది?” అని కొందరు అనుకోవచ్చు. చిన్న లెక్క వేయండి. ముప్ఫై గదుల లాడ్జీ. గదికొక ఒకటిన్నర టన్ను ఏసీ, సుమారు 1.7 కిలోవాట్లు. గదికొక వేడినీళ్ల గీజరు, 2 కిలోవాట్లు. ముప్ఫై గదులకు ఏసీలు 51, గీజర్లు 60. మొత్తం 111 కిలోవాట్లు. లిఫ్టు, నీళ్ల మోటారు, వంటగది, వరండా దీపాలు ఇంకా లెక్కలోకి రాలేదు. క్రైస్తవ వైద్య కళాశాల ఆసుపత్రికి చిత్తూరు, పలమనేరు, మదనపల్లె వైపు నుండి వచ్చే రోగులనూ, వారి వెంట వచ్చే బంధువులనూ నమ్ముకొని వేలూరులో లేచిన లాడ్జీలలో ఈ గీతను దాటేవి ఎన్నో ఉండవచ్చు. చల్లని గాలి ఏర్పాటు ఉన్న కల్యాణ మండపం, నాలుగంతస్తుల నగల దుకాణం, చిన్న ఆసుపత్రి – ఇవన్నీ ఆ గీత చుట్టుపక్కలే ఉన్నాయి. రాష్ట్రం రేపు గీతను కొంచెం దించితే బజారు వీధిలో సగం దాని కిందికి వస్తుంది.

తప్పితే ఏమవుతుంది? చట్టం 26వ సెక్షను కింద పది లక్షల రూపాయల దాకా జరిమానా ఉన్నది. ఇంత బరువైన నియమం గురించి మన సరిహద్దు ఊళ్లలో ఒక్క తెలుగు కరపత్రమైనా నా కంట పడలేదు.

వాత ఎవరికి?

నియమావళి చెడ్డదని నేను అనడం లేదు. పైగా అది మనకు మేలు చేసేదే. పాలారు ఎండిన ఊళ్లలో, మే నెలలో నలభై డిగ్రీలు దాటే ఎండలో బతికే మనకు ఇది ఇంకా ముందే రావలసింది. అందుకే అది మనకు అర్థం కాకపోవడం ఇంత నష్టం.

ఒక మిద్దె సంగతి చూడండి. సాదా కాంక్రీటు కప్పు, పైన ఏ రక్షణా లేదు. లోపలికీ బయటికీ ఒక డిగ్రీ తేడా ఉంటే, చదరపు మీటరుకు సుమారు మూడు వాట్లకు పైగా వేడి అందులో నుండి దిగుతుంది. 2017 నియమావళి చాలా రకాల వాణిజ్య భవనాల కప్పుకు పెట్టిన హద్దు 0.33 వాట్లు. అంటే పదో వంతు. రెండు వందల చదరపు మీటర్ల మిద్దె మిట్టమధ్యాహ్నం అరవై డిగ్రీలకు కాగి, లోపల ఇరవైఆరు డిగ్రీలు ఉంచాలనుకుంటే, ఆ సాదా కప్పు గుండా దిగే వేడి సుమారు 22 కిలోవాట్లు. దాన్ని బయటికి తోయడానికే నాలుగు ఒకటిన్నర టన్ను ఏసీలు ఏకధాటిగా తిరగాలి. గదిలో మనుషుల కోసం కాదు, దీపాల కోసం కాదు, కేవలం మిద్దె మీది ఎండతో పోట్లాడటానికి. నియమం ప్రకారం కప్పు వేస్తే ఆ పనికి అందులో ఒక్క ఏసీ సగం బలం చాలు.

ఈ నాలుగు ఏసీల బిల్లు ఎవరు కడతారు? కట్టించిన యజమాని కాదు. బాడుగకు దుకాణం పెట్టుకున్నవాడు కడతాడు. ఇదే ఈ విషయంలోని అసలు కిటుకు. కప్పు మీద డబ్బు మిగిల్చేది ఒకరు, ఇరవై ఏళ్లు దాని వాత భరించేది మరొకరు. గృహ వినియోగదారులకు తమిళనాడులో రెండు నెలలకు 100 యూనిట్లు ఉచితం. దుకాణానికి ఆ రాయితీ లేదు, పైగా యూనిట్టు ధర ఎక్కువ. బాడుగ దుకాణాలలో చిన్న వ్యాపారాలు చేసుకొనే మనవాళ్లు వేలూరులోనూ, గుడియాత్తంలోనూ తక్కువ కాదు. ‘ఈ భవనం నియమావళి ప్రకారం కట్టిందేనా?’ అని ఒప్పందం మీద సంతకం చేసేముందు అడగవచ్చునని వారికి ఎవరు చెప్పారు? ఏ భాషలో చెప్పారు?

ఇంకొక సంగతి. ఊరి నడుమ భవనాల ముఖానికి నేల నుండి చూరు దాకా గాజు తొడగడం ఇప్పుడు గొప్పతనమైపోయింది. పడమటి ముఖానికి నిలువెత్తు గాజు పెట్టి, దాని వెనుక తెరలు దించి, తెరల వెనుక పగలే దీపాలు వేసుకొని, ఆ దీపాల వేడిని తోయడానికి మరో ఏసీ పెట్టే దుకాణాలు మన కళ్లముందే ఉన్నాయి. నియమావళిలోని సాధారణ మార్గం గోడలో కిటికీ వాటా నలభై శాతం దాటరాదంటుంది. కిటికీకి సజ్జ నీడ ఉంటే దాన్ని లెక్కలోకి తీసుకుంటుంది. ఈ రెండు వాక్యాలు తెలుగులో తెలిసి ఉంటే, గాజు అమ్మేవాడు చెప్పినదానికల్లా తల ఊపే అవస్థ మన యజమానులకు తప్పేది.

నిజానికి ఇందులో మనకు కొత్తది ఏమున్నది? నిలువు ఇటుకలను సున్నంలో కూర్చి దూలాల మీద వేసిన పాత మద్రాసు మిద్దె ఎండను ఆపడానికే. దాని మీద ఇటుక ముక్కల సున్నపు కాంక్రీటు దట్టించి, ఆ పైన పెంకుబిళ్లలు పరచినది ఎండకూ వానకూ తట్టుకోవడానికే. వేసవికి ముందు మిద్దెకు తెల్లసున్నం పూసేది ఎందుకో ముసలమ్మలను అడగండి. వీధి తిన్నె మీద వాలిన చూరు, నడుమ గాలి ఆడే ముంగిలి – ఇవన్నీ చేతిపనిగా ఉన్న నియమాలే. ఆ చేతిపనికి తెలుగులోనూ, తమిళంలోనూ మాటలున్నాయి. ఈనాటి నియమావళి అదే సంగతిని అంకెలలో చెప్పింది. అంకెలతో పాటు భాష కూడా మారిపోవడం వల్ల, తన సొంత జ్ఞానమే తిరిగి తన దగ్గరికి వచ్చినా మేస్త్రి గుర్తుపట్టలేకపోతున్నాడు.

మూడు సాకులు

ఈ వాదనకు ఎదురుగా వినిపించే సాకులు మూడు.

మొదటిది: “ఇది ఇంజనీర్ల విషయం, భాష విషయం కాదు.” సంతకం ఇంజనీరుది, నిజమే. డబ్బు ఎవరిది? జరిమానా ఎవరికి? చట్టం ‘యజమాని లేదా అనుభోక్త’ నియమాలు పాటించాలని అంటున్నది. బాధ్యత ఎవరి మీద పెట్టారో వారికి అర్థమయ్యే భాషలో ఆ బాధ్యతను చెప్పాలి. వైద్యుడు మందు రాస్తాడు కాబట్టి రోగికి దాని సంగతి తెలియనక్కరలేదని ఎవరైనా అంటారా?

రెండవది: “తెలుగులో ఇటువంటి వాటికి మాటలు లేవు.” ఈ సాకు వినీ వినీ మన చెవులు గడ్డకట్టాయి. మాటలు లేకపోవడం కాదు, వెదకకపోవడం. కప్పు గుండా దిగే వేడి కొలతకు ‘ఉష్ణ పారగమ్యతా గుణకం’ అని నిఘంటువుల మాట కట్టి, “చూశారా, ఎవరికీ అర్థం కాదు” అని నవ్వే పండితులు ఉన్నారు. మేస్త్రి దాన్ని ‘వేడి దిగడం’ అంటాడు. ఆ కొలత ‘వేడి దిగే లెక్క’. ఎండను వెనక్కు కొట్టే కప్పు గుణాన్ని ‘ఎండ తిప్పు’ అనండి. గోడలో కిటికీ ఎంత అనేదాన్ని ‘కిటికీ పాలు’ అనండి. ఏసీ, కిలోవాటు, మీటరు – ఇవి మన నోళ్లలో ఎప్పుడో తెలుగైపోయాయి, వాటిని అలాగే ఉంచండి. భాషను నిఘంటువులో వెదకవద్దు, కట్టుబడి జరిగే చోట వెదకండి.

మూడవది కొంచెం నొప్పి కలిగించేది: “మీ పిల్లలకే తెలుగు చదవడం రాదు, తెలుగులో అచ్చువేస్తే ఎవరు చదువుతారు?” ఈ ప్రశ్న అడిగేవారు ఆ పిల్లలకు తెలుగు చదవడం ఎందుకు రాదో చెప్పరు. 2006లో తమిళనాడు చేసిన తమిళ అభ్యసన చట్టం తమిళాన్ని తప్పనిసరి మొదటి భాషగా చేసింది. ఆ చట్టం ఏడాదికొక తరగతి చొప్పున పైకి పాకి పదో తరగతికి చేరింది. మాతృభాషలో పరీక్ష రాసేందుకు అల్పసంఖ్యాక భాషల పిల్లలు కోర్టు మెట్లెక్కవలసి వచ్చింది. బడిలో తెలుగును సన్నగిల్లజేసి, అది సన్నగిల్లిందని కార్యాలయంలో దాన్ని నిరాకరించడం న్యాయం కాదు. కాలు విరిచి కుంటివాడని తీసిపారేయడం అది. పైగా ఈనాడు భవనాలు కట్టే తరం, అంటే నలభై దాటిన తరం, ఈ చట్టానికి ముందే బడికి వెళ్లినది. వారిలో తెలుగు చదవగలవారు ఇంకా ఉన్నారు. వారు చదివితే పిల్లలకు చెబుతారు.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఇది తమిళం మీద పోరాటం కాదు. మన పక్క దుకాణం తమిళ సోదరుడికీ ఈ ఆంగ్ల నియమావళి మనకెంత తెలుసో అంతే తెలుసు. మన కోరిక తమిళం బదులు తెలుగు అని కాదు. ఆంగ్లం ఒక్కటే అనే చోట తమిళమూ, తెలుగూ రావాలని. ఈ విషయంలో వారూ మనమూ ఒకే ఎండలో నిలబడి ఉన్నాం.

మన చేతిలోని ఆయుధాలు

ఇక చట్టం సంగతి. మన చేతులు వట్టివి కావు.

రాజ్యాంగం 350వ అధికరణం ప్రకారం, కేంద్రంలో గానీ రాష్ట్రంలో గానీ వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా, ఏ అధికారికైనా ప్రతి వ్యక్తీ తన ఫిర్యాదును అర్జీగా ఇచ్చుకోవచ్చు. ‘తెలుగులో అర్జీ తీసుకోము’ అనే అధికారం ఏ గుమాస్తాకూ లేదు. 350-బి కింద భాషాల్పసంఖ్యాకుల కోసం ఒక ప్రత్యేకాధికారి ఉండాలి. 1957 నుండి ఆ పదవి ఉన్నది.

1956లో రాష్ట్రాల పునర్విభజన వేళ కేంద్ర హోంశాఖ పార్లమెంటు ముందు ఒక పత్రం ఉంచింది. భాషాల్పసంఖ్యాకులకు ఇచ్చిన హామీల పత్రమది. ఒక పురపాలికలో గానీ, తాలూకాలో గానీ ఒక భాషవారు 15 నుండి 20 శాతం ఉంటే, ముఖ్యమైన ప్రభుత్వ ప్రకటనలను, నియమాలను వారి భాషలో కూడా ప్రచురించడం మంచిదని అందులో ఉన్నది. ఇది న్యాయస్థానంలో డిక్రీ తెచ్చిపెట్టే చట్టం కాదు. కానీ రాష్ట్రాల గీతలు గీసిన రోజున గీతకు అవతల మిగిలినవారికి ఇచ్చిన మాట ఇది. ఉత్తర ఆర్కాటులో నుండి 1911లో చిత్తూరు జిల్లా వేరుపడినప్పుడూ, 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలో కలిసినప్పుడూ మన కుటుంబాలు ఎక్కడికీ కదలలేదు. గీతే కదిలింది. ఆ గీత పక్కన ఇచ్చిన మాటను అడగడం బిచ్చం కాదు.

కేంద్ర చట్టాలకూ, వాటి కింద వచ్చే నియమాలకూ ప్రాంతీయ భాషలలో ప్రామాణిక అనువాదాలు ప్రచురించడానికి 1973లోనే పార్లమెంటు ఒక చట్టం చేసింది. రాష్ట్రపతి అధికారంతో గెజెట్టులో వెలువడిన తెలుగు అనువాదానికి ఆ చట్టం ప్రామాణికత ఇస్తుంది. అంటే దారి వేసి యాభై ఏళ్లు దాటింది. బండి నడపాలన్న కోరికే కరువు. 2020లో పర్యావరణ ప్రభావ అంచనా ముసాయిదాను ఎనిమిదవ షెడ్యూలులోని 22 భాషల్లోకీ అనువదించాలని ఢిల్లీ హైకోర్టు ఆదేశిస్తే, కేంద్రం పాటించడానికి బదులు ఆ ఆదేశాన్ని సవాలు చేసింది. అనువాదానికి పట్టే శ్రమ కంటే అనువాదాన్ని ఎదిరించడానికే ఎక్కువ శ్రమ పడే పాలన మనది.

చివరిగా, ఇంధన పరిరక్షణ చట్టంలోనే మనకు అక్కరకు వచ్చే రెండు సంగతులున్నాయి. 15వ సెక్షను ప్రాంతీయ, స్థానిక వాతావరణానికి తగినట్లు నియమావళిని సవరించే అధికారాన్ని రాష్ట్రానికి ఇచ్చింది. చెన్నై మెరీనా గాలికీ, గుడియాత్తం గుట్టల నడుమ ఎండకూ ఒకే కొలత సరిపోదని చెప్పడానికి ఇది చోటు. అదే సెక్షను, శక్తిని పొదుపుగా వాడే విషయంలో ప్రజలకు అవగాహన కలిగించి, సమాచారాన్ని వ్యాప్తి చేసే పనిని కూడా రాష్ట్రానికే అప్పగించింది. ప్రజలకు తెలియని భాషలో ఇచ్చేది సమాచారం అనిపించుకోదు.

తెలుగు రాష్ట్రాల సిగ్గు

ఇంతవరకు తమిళనాడునూ, ఢిల్లీనీ అడిగాం. ఇప్పుడు మన ఇంటివారినీ అడగాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఈ నియమావళిని 2014 జనవరిలో, విభజనకు కొద్ది నెలల ముందు స్వీకరించింది. దేశంలో ముందుగా మేల్కొన్న రాష్ట్రాలలో అదొకటని ప్రశంసలు అందుకున్నది. ఆ ఉత్తర్వు వెలువడిన భాష ఏది? ఆంగ్లం. 1966లో అధికార భాషా చట్టం చేసుకున్న రాష్ట్రం, కోట్లాది తెలుగువారిని కట్టిపడేసే ఉత్తర్వును ఆంగ్లంలో ఇచ్చింది. ‘మీ సొంత రాష్ట్రంలోనే తెలుగులో ఇవ్వనిది మేమెందుకు ఇవ్వాలి?’ అని వేలూరు అధికారి అడిగితే మన దగ్గర జవాబేది?

2023 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం చల్లని పైకప్పుల విధానం తెచ్చింది. ప్రభుత్వ, వాణిజ్య భవనాలకూ, 600 చదరపు గజాలు దాటిన స్థలాలలోని ఇళ్లకూ ఎండను తిప్పికొట్టే కప్పు తప్పనిసరి చేసింది. ఇది మెచ్చుకోదగిన పని. ఎందుకంటే ఆ నియమాన్ని ఒక్క వాక్యంలో చెప్పవచ్చు: మిద్దె తెల్లగా ఉండాలి. ఒక్క వాక్యంలో చెప్పగలిగిన నియమాన్ని మేస్త్రి పాటించగలడు, బాడుగదారు అడగగలడు, పక్కింటివారు చూసి నేర్వగలరు. హైదరాబాదు, అమరావతి ప్రభుత్వాలు ఇటువంటి నియమాలకు చక్కని తెలుగు పాఠాలు తయారుచేస్తే, అవి వేలూరుకూ, హోసూరుకూ, బళ్లారికీ, బరంపురానికీ అలాగే పనికివస్తాయి. సరిహద్దు అవతలి తెలుగువారికి తెలుగు రాష్ట్రాలు చేయగల సాయం సన్మాన సభలు కాదు, ఇటువంటి పుస్తకాలు.

ఏం అడగాలి?

ఉద్యమం నినాదంతో మొదలైనా, అర్జీతోనే ముందుకు సాగుతుంది. నేను ప్రతిపాదిస్తున్నవి ఇవి.

ఒకటి. వేలూరు నగరపాలక సంస్థలోనూ, గుడియాత్తం, పేర్ణంబట్టు పురపాలికల్లోనూ భవన అనుమతి తీసుకొనే ప్రతి తెలుగు కుటుంబమూ, అనుమతి దరఖాస్తుతో పాటు తెలుగులో ఒక చిన్న అర్జీ జతచేయాలి: “నా భవనానికి వర్తించే విద్యుత్తు పొదుపు నియమాలేవో తమిళంలోనూ, తెలుగులోనూ తెలియజేయగలరు.” రాజ్యాంగం 350వ అధికరణాన్ని పైన రాయండి. దానికి రశీదు తీసుకోండి. ఒక అర్జీని పక్కన పడేయవచ్చు. రెండు వందల అర్జీలను పక్కన పడేయడానికి బీరువా కావాలి.

రెండు. ఏ తాలూకాలో, ఏ పురపాలికలో మనం 15 శాతం దాటుతామో జనగణన మాతృభాష పట్టికలను చేతబట్టుకొని నిరూపించాలి. 2011 లెక్కల ప్రకారం తమిళనాడులో తెలుగు మాతృభాషగా నమోదైనవారు 42 లక్షలకు పైబడినవారు. నమోదు కానివారు ఎందరో! 2027 మార్చి 1 ప్రామాణిక తేదీగా జరిగే జనగణనలో మాతృభాష గడి దగ్గర మొహమాటపడకండి. ఇంట్లో మాట్లాడే భాషను ఉన్నది ఉన్నట్లు చెప్పండి. ఆ గడిలో ఒక్క మాట తప్పితే పదేళ్ల హక్కు పోతుంది.

మూడు. ప్రభుత్వం ఇచ్చేదాకా చేతులు ముడుచుకొని కూర్చోనవసరం లేదు. మన సంఘాలే నాలుగు పేజీల తెలుగు పుస్తకం వేయాలి. ఒక పేజీలో మిద్దె, ఒక పేజీలో గోడా కిటికీ, ఒక పేజీలో దీపాలూ ఏసీలూ, ఒక పేజీలో బాడుగ ఒప్పందంలో అడగవలసిన ప్రశ్నలు. ఇంజనీరింగు చదివిన మన యువకులూ, పాత మేస్త్రులూ ఒకచోట కూర్చుంటే అది పది రోజుల పని. దాని పక్కనే తమిళ ప్రతి కూడా ఉండాలి. మనం పొరుగువారికి ఇచ్చే మర్యాద అది.

నాలుగు. 100 కిలోవాట్ల గీతను కిందికి దించే ఆలోచన రాష్ట్రం చేస్తే, ముందుగా తమిళంలోనూ, అల్పసంఖ్యాక భాషలలోనూ ముసాయిదా ప్రకటించి అభిప్రాయాలు తీసుకోవాలని ఇప్పటి నుండే అడిగి ఉంచాలి. చిన్న భవనాల మీద నియమం పడిన తరువాత అరవడం కంటే, పడకముందు మాట్లాడటం తేలిక.

ఇదంతా చదివి “ఇంత చిన్న విషయానికి ఇంత రగడా?” అనేవారు ఉంటారు. బాడుగ దుకాణంలో నడినెత్తిన కాగే కప్పు కింద కూర్చొని, నెల నెలా పెరిగే బిల్లు కట్టే మనిషికి ఇది చిన్న విషయం కాదు. అతను అడగవలసిన ప్రశ్న చట్టంలో ఇప్పటికే ఉన్నది. ఆ ప్రశ్నను అతని భాషలో అతని చేతిలో పెట్టడం మన పని. భాషాహక్కు అంటే పండుగ నాడు పాడుకొనే పాట మాత్రమే అయితే అది ఎన్నాళ్లో నిలవదు. మీటరు పెట్టె దగ్గర కూడా అక్కరకు వచ్చినప్పుడే అది హక్కవుతుంది.